అక్క కొడుకు వస్తున్నాడు, జూకి ఎలా ప్లాన్ చేయాలి?

ప్రశ్న: సెలవులకి మా అక్క కొడుకు మా ఇంటికి వస్తున్నాడు. పదకొండేళ్ళవాడు, జూ ఎప్పుడూ చూడలేదు. మా బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగు, వాళ్ళిద్దరూ ఇదివరకే చూశారు కాబట్టి "మళ్ళీ అక్కడికేనా" అంటున్నారు. పోయినసారి మేం వెళ్ళేసరికి పన్నెండయింది, సింహం నిద్ర, పులి నిద్ర, పిల్లలు నీరసపడిపోయారు. ఈసారి మా అత్తగారు కూడా వస్తానంటున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఏం చేస్తే అందరికీ బాగుంటుంది?

జవాబు: ముందు టైం మార్చండి. సింహం రోజుకి 20 గంటల దాకా విశ్రాంతిగానే గడుపుతుంది, పులి కూడా ఎండ ముదిరితే నీడ వదిలి రాదు, అది వాటి తీరు. గేటు తెరిచే వేళకే అక్కడుంటే అవి లేచి తిరుగుతుండగా చూసే అవకాశం ఎక్కువ. కాబట్టి సింహం, పులి, చిరుత ముందు, పక్షులూ పాములూ ఎండెక్కాక.

ఇంకోటి, ఒక్కరోజులో అన్నీ చూసేయాలన్న పట్టుదల వదిలేయండి. పిల్లలకి విసుగు తెప్పించేది నడక ఒక్కటే కాదు, ప్రతిచోటా మనం "చూశావుగా, పద పద" అని తరమడం కూడా. మ్యాప్ మీ అక్క కొడుకు చేతికిచ్చి మూడు జంతువుల్ని ఎంచుకోమనండి, మీ పిల్లల్ని చెరొకటి చెప్పమనండి, ఆ అయిదింటి దగ్గర తీరిగ్గా ఆగండి, మిగతావి దారిలో కనిపిస్తే సరే, లేకపోతే లేదు. ఏనుగు తొండంతో నీళ్ళు తాగేస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు, కాసేపు నిలబడి చూస్తే అది నీళ్ళు తొండంలోకి పీల్చి నోట్లో పోసుకోవడం వాళ్ళ కంటికే తెలుస్తుంది. ఆ తొండంలో ఒక్క ఎముక కూడా ఉండదు, అయినా చివరనున్న వేలులాంటి కొసతో సన్నటి గడ్డిపరకని కూడా పట్టుకుంటుంది. చెవులు అలా ఊపుతూనే ఉండేది ఎందుకంటే, వాటినిండా ఉన్న రక్తనాళాల మీద గాలి తగిలి ఒంటి వేడి తగ్గడానికి. జిరాఫీ మెడలో మనకున్నట్టే 7 ఎముకలే ఉంటాయి, అంత మెడ ఉన్నా నిలబడి వంగితే మూతి నేలకి అందదు, నీళ్ళు తాగాలంటే ముందుకాళ్ళు ఎడంగా చాపాలి, లేదా వంచాలి. ఇలాంటివి రెండు మూడు మీ బాబుకి ముందే చెప్పి, అన్నయ్యకి అన్నీ చూపించే బాధ్యత వాడికి అప్పగించండి, "మళ్ళీ అక్కడికేనా" అన్న మాట మళ్ళీ వినపడదు.

మీ అత్తగారిని మాత్రం సంచులకి కాపలాగా బెంచీ మీద కూర్చోబెట్టకండి, దయచేసి. లోపల తిప్పే బ్యాటరీ బండి ఉంటే ఎక్కించండి, లేకపోతే ఆవిడ దేన్ని చూడాలనుకుంటున్నారో అడిగి, దాని దగ్గరే నీడ చూసుకుని అందరూ కలిసి కూర్చోండి.

ప్రశ్న: వాడు కాస్త దుడుకు పిల్లాడు. అద్దాలు కొట్టడం, కోతులకి తినేవి విసరడం చేస్తాడేమోనని టెన్షన్. వచ్చిన పిల్లాడు కదా, గట్టిగా కసరలేను.

జవాబు: కసరాల్సిన పని లేదు. బయల్దేరేముందు ఇంట్లోనే ముగ్గురినీ కూర్చోబెట్టి ఒకేలా చెప్పండి, వాడొక్కడికే చెబితే చిన్నబుచ్చుకుంటాడు. వద్దు అని ఊరుకోకుండా కారణం కూడా చెప్పండి. పాముకి కనురెప్పలు ఉండవు, నిద్రపోతున్నా కళ్ళు తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది, మెలకువగానే ఉంది కదా అని పిల్లలు అద్దం మీద కొడతారు. దానికి బయటికి చెవులు లేకపోయినా ఆ అదురు తెలుస్తుంది. కోతి పళ్ళు బయటపెడితే నవ్వుతోందని మనవాళ్ళు ముచ్చటపడతారు, చాలాసార్లు అది భయంతోనో బెదిరింపుగానో చేసే పని, కళ్ళలోకి అదేపనిగా చూడటం కూడా వాటికి కయ్యానికి పిలిచినట్టే. ఇక తిండి విసరడం అస్సలు కూడదు, వాటికి ఏం పెట్టాలో చూసుకునేవాళ్ళు అక్కడ ఉన్నారు, తిండితో పాటు ప్లాస్టిక్ కవర్ కూడా మింగితే కడుపులో అడ్డుపడి ప్రాణం పోవచ్చు. పదకొండేళ్ళవాడికి ఇది అర్థం కాకపోదు. వాడికి ఆ చోటు కొత్త, తప్పిపోతే ఎక్కడికి వచ్చి నిలబడాలో గేటు దగ్గరే చూపించి, మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ముగ్గురి జేబుల్లోనూ పెట్టండి.

ప్రశ్న: మా పాప పోయినసారి "వాటిని ఎందుకు బంధించారు, పాపం కదా" అంది. ఏమీ చెప్పలేకపోయాను. ఈసారి పెద్దవాడూ అడుగుతాడు.

జవాబు: అడగనివ్వండి, మాట మార్చకండి. పాపం అనిపించడం తప్పు కాదు, నాకూ కొన్నిచోట్ల అలాగే అనిపిస్తుంది. ఒక జంతువు ఒకే దారిలో అదేపనిగా అటూ ఇటూ తిరుగుతుంటే, దానికి చేయడానికి ఏమీ లేకనో, ఆ చోటు చాలకనో అయ్యుండొచ్చు, దాన్ని చూసి "డాన్స్ చేస్తోంది" అని మాత్రం పిల్లలకి చెప్పకండి. రెండో వైపు కూడా చెప్పండి. అరేబియా ఎడారుల్లో ఒరిక్స్ అనే తెల్లటి జంతువు ఉండేది, పొడవాటి నిటారు కొమ్ములది. వేటాడి వేటాడి 1972 నాటికి ఆ ఎడారుల్లో ఒక్కటి కూడా లేకుండా చేశారు. జూల్లోనూ సంరక్షణలోనూ పెంచినవి మిగిలాయి కాబట్టే 1982లో ఒమన్‌లో మళ్ళీ వదలగలిగారు. మీ పాపకి ఇదంతా ఇప్పుడే అర్థం కాదు, తనకి "వాటిని చూసుకునే డాక్టర్లు ఉన్నారు, మనం గొడవ చేయకుండా చూసి వద్దాం" అంటే చాలు. పెద్దవాడికి మాత్రం ఒరిక్స్ సంగతి మొత్తం చెప్పి, ఈ జూ నీకు నచ్చిందా, ఎక్కడ నచ్చలేదు అని అడగండి, వాడు చెప్పేది పూర్తిగా వినండి.