చదువు – సందేహాలు: సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలకు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను గణితం బోధిస్తున్నాను. దీపావళి దాటాక ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి (కోతల కాలంలో కూలి పనుల వలసకు) వెళ్లే తల్లిదండ్రులు పిల్లలను కూడా వెంట తీసుకెళ్తారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఎనిమిదో తరగతిలో బీజీయ సమాసాలు నడుస్తుంటాయి. వీళ్లకేమో తీసివేతలే తప్పుతుంటాయి. సిలబస్ పూర్తి చేయాలా, వీళ్లను చూసుకోవాలా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, తీసివేత రాని పిల్లవాడి ముందు బీజీయ సమాసాలు బోధిస్తే సిలబస్ రికార్డులో పూర్తవుతుందే గాని, వాడికి ఒక్క మెట్టూ అందదు. కాబట్టి ముందు ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోవాలి. దానికి పెద్ద పరీక్ష అవసరం లేదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతి మీ తరగతికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని రెండంకెల సంఖ్యలు చదివించండి, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకొని చేసే తీసివేత ఒకటి ఇవ్వండి, అది వస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. కొద్ది నిమిషాల్లోనే ఆ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నదీ తేలిపోతుంది.

ఆ తర్వాత, వచ్చిన జవాబు తప్పా ఒప్పా అన్నదానితో ఆగకుండా, ఆ తప్పు ఎలా పుట్టిందో చూడండి. 402 నుంచి 178 తీసివేయమంటే 376 అని రాసే పిల్లలు మీకు తప్పకుండా కనిపిస్తారు. 8లోంచి 2 పోతే 6, 7లోంచి సున్నా పోతే 7, 4లోంచి 1 పోతే 3 అని, పైనున్నది ఏదో కిందున్నది ఏదో చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారన్నమాట. ఇది అజాగ్రత్త కాదు. ఒక నియమాన్ని తప్పుగా పట్టుకొని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించడం. దీన్ని గమనించకుండా ఇంకో ఇరవై లెక్కలు ఇంటిపనికి ఇస్తే ఆ తప్పే మరింత గట్టిపడుతుంది.

అదే పిల్లవాణ్ని, “కూలి 402 రూపాయలు వచ్చింది, అంగట్లో 178 రూపాయల సరుకులు కొన్నావు, ఎంత మిగిలింది?” అని నోటితో అడిగి చూడండి. 178కి 22 కలిపితే 200, దాని మీద ఇంకో 202, మొత్తం 224 అని సరిగ్గా చెప్పేవాళ్లు వాళ్లలోనే ఉంటారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే కొద్దిమంది పిల్లలను పరిశీలించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఇదే బయటపడింది. బేరం సాగుతున్నప్పుడు నోటిలెక్కలు 98 శాతం సరిగా చెప్పిన ఆ పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇచ్చేసరికి 37 శాతమే చేయగలిగారు. మిరప చేలో తూకం, కూలి, బాకీ చూసుకుంటూ వచ్చిన బిడ్డకు లెక్క రాదని మనం ఏ ధైర్యంతో అనగలం? వాడు నోటితో చేసినదాన్ని బోర్డు మీద అంకెల్లో రాసి చూపించి, అక్కడి నుంచి పదుల, వందల స్థానాలకు తీసుకురండి.

రోజుకు ఒక అరగంట, తరగతితో నిమిత్తం లేకుండా ఒకే మెట్టు మీదున్న పిల్లలను కలిపి కూర్చోబెట్టి ఈ పని చేయించండి; మిగతా సమయంలో వాళ్లు తమ తరగతిలోనే, అందరి మధ్యే ఉండాలి. వాళ్లను వెనక బెంచీకి పరిమితం చేసి ఎగతాళి పేరు పెట్టి పిలిచే అలవాటు కొన్ని బళ్లలో ఇంకా ఉంది. అది ఎంత మాత్రం సహించరానిది.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. పిల్లలు సుగ్గికి వెళ్లిన చోటే బడిలో చేరాలనుకుంటే, బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించడానికి వీల్లేదని 5వ సెక్షన్ చెబుతోంది. అంతకన్నా మేలైనది పిల్లలు ఊళ్లోనే ఆగడం. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస గ్రామాల్లో సీజనల్ హాస్టళ్లు నడపడం అందుకే. అయితే బండ్లు కదిలే రోజున చెబితే ఏ తల్లీ బిడ్డను వదిలి వెళ్లదు. దసరాకు ముందే ఇల్లిల్లూ తిరిగి మాట్లాడి, పిల్లల జాబితా మండల విద్యాధికారికి అందజేయండి.

ప్రశ్న: ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి అనంతపురంలో బీఎస్సీలో చేరాను. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. లెక్చరర్ గారు చెప్పేది రాసుకునేలోపే వెళ్లిపోతుంది. రాత్రుళ్లు నోట్సు నాలుగైదుసార్లు చదివినా పరీక్షలో గుర్తు రావడం లేదు.
– ఒక విద్యార్థి

సమాధానం: నాయనా, 2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు కాబట్టి ఈ ఇబ్బంది నీ ఒక్కడిదే కాదు. రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రోజే తెలుగు అకాడమీ పుస్తకంలో ఒకసారి చదువుకొని వెళ్లు. విషయం ముందే తెలిసి ఉంటే చెవి భాషతో మాత్రమే పెనుగులాడుతుంది. తరగతిలో ప్రతి వాక్యమూ రాయాలని చూడకు. ముఖ్యమైన పదాలు, బోర్డు మీది బొమ్మలు చాలు.

ఇక, మళ్లీ మళ్లీ చదవడం మానుకో. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయి. తెలుగు ఇంగ్లీషు కలిపి రాసినా తప్పులేదు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగుతో చేర్చు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగంలో, వారం తర్వాత, చదివి గుర్తు తెచ్చుకొని రాసినవాళ్లకు 56 శాతం, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది. విచిత్రమేమంటే, చదివిన ఐదు నిమిషాలకే అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి అయింది. రాత్రి అంతా వచ్చేసినట్లు అనిపించి పరీక్ష హాల్లో చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి కడపలో నాలుగో తరగతి. ఇంట్లో అన్నీ గలగలా చెబుతాడు, బళ్లో టీచరమ్మ అడిగితే మాత్రం నోరు విప్పడు. వాడికేమైనా లోపమా?
– ఒక తల్లి

సమాధానం: ఇంట్లో గలగలా చెబుతున్నాడంటే లోపమని కంగారు పడనక్కర్లేదమ్మా. తరగతిలో ప్రశ్న వేశాక జవాబు కోసం చాలామంది టీచర్లు ఆగేది ఒక్క సెకను మాత్రమేనని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే మౌనంగా ఉండే పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పారు. టీచరమ్మను కలిసి, వాడికి ఆ కాస్త వ్యవధి ఇవ్వమనీ, జవాబును ముందు పక్కనున్న నేస్తానికి చెప్పనిచ్చి తర్వాత అందరికీ చెప్పించమనీ అడగండి. ఇంట్లో మాత్రం, ఎందుకు చెప్పలేదని నిలదీయకండి. ఈ రోజు టీచరమ్మ ఏం అడిగారో చెప్పమనండి, చాలు.