డిస్క్ మీద కోటి బిట్లు దాచుకోవడానికి ఏ లైబ్రరీ మంచిది?

లైబ్రరీ అక్కర్లేదండీ. కోటి "అవును/కాదు"లంటే కోటి బిట్లు, బైటుకి 8 బిట్లు కాబట్టి 12.5 లక్షల బైట్లు. ఇవాళ పొద్దున మీ ఫ్యామిలీ గ్రూపులో పడ్డ గుడ్ మార్నింగ్ ఫొటోలన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటాయి. నంబరును 8తో భాగించండి. వచ్చిన భాగఫలం ఫైల్లో ఎన్నో బైటో చెబుతుంది, శేషం ఆ బైట్లో ఎన్నో బిట్టో చెబుతుంది. ఆ బైటు చదివి, బిట్టు సెట్ చేసి (అంటే ఒకటి చేసి), తిరిగి రాసేస్తే పని అయిపోయినట్టే.

నేనూ అలాగే అనుకుని రాశాను. దాంతో మాదాపూర్‌లో ఒక ఫుడ్ కోర్టులో ఒకే కూపన్‌కి రెండు రోజులు బిర్యానీ వెళ్లింది.

కొన్నేళ్ల కిందటి మాట. లంచ్ కూపన్ల సిస్టమ్ మా టీమ్‌ది. కోటి నంబర్లు ముందే కేటాయించారు, ఒక్కో కూపన్‌కి ఒక్కో బిట్టు: సున్నా అయితే వాడలేదు, ఒకటి అయితే వాడేశారు. రెండు కౌంటర్లు, సర్వర్లో కౌంటర్‌కో ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్), రెండింటికీ ఫైలు ఒకటే. స్కాన్ అయ్యాక క్యాషియర్ కూపన్ మూల కొంచెం చింపి తిరిగి ఇచ్చేస్తాడు, బిల్లు పెట్టుకునేవాళ్ల కోసం. ఒకరోజు ఒకమ్మాయి పర్సులోంచి పొరపాటున నిన్నటి కూపన్ తీసి ఇచ్చింది. మెషీన్ పచ్చలైటు వేసింది. క్యాషియర్ చూపు మాత్రం చిరిగిన మూల మీద పడింది. వెంటనే ఫోన్ చేశాడు. "సార్, గిది నిన్ననే అయిపోయింది, మూల నేనే చింపిన. మల్ల ఎట్ల తీస్కుంటుంది మీ మెషీన్?"

నేను నమ్మలేదు. మూల ఇంకెక్కడో చిరిగి ఉంటుందిలే అన్నాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

సాయంత్రం స్కాన్ లాగ్‌ని, బిట్ల ఫైలుని పక్కపక్కన పెట్టి పోల్చాను. స్కాన్ అయిన కూపన్లలో పదకొండింటి బిట్లు సున్నాగానే ఉన్నాయి. ఆ పదకొండు నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోటి స్కాన్ అయిన సెకనులో పక్క కౌంటర్లో ఏం జరిగిందో చూశాను. 48,210 ఇక్కడ స్కాన్ అయిన సెకనులోనే 48,211 అక్కడ స్కాన్ అయింది. మిగతా పదీ అంతే, పక్క పక్క నంబర్ల జంటలు. ఒకే టీమ్‌లో పక్క సీట్లవాళ్లకి వరుస నంబర్ల కూపన్లు ఇస్తారు, వాళ్లు కలిసే తినడానికి వస్తారు, లైన్ తొందరగా కదలాలని చెరో కౌంటర్‌కి పోతారు. ఇంకేం కావాలి!

48,210ని 8తో భాగిస్తే 6026, శేషం 2. 48,211కి కూడా 6026, శేషం 3. రెండూ ఒకే బైట్లో ఉన్నాయి. మొదటి ప్రాసెస్ చదివినప్పుడు బైటు 00000000. అది రాసేలోపే రెండోది కూడా 00000000 అనే చదివింది. మొదటిది 00000100 రాసింది. దాని మీదే రెండోది 00001000 రాసి వెళ్లింది. 48,210 వాడిన ఆనవాలు పోయింది. పైగా చదవడానికీ రాయడానికీ మధ్యలో ఉద్యోగి వివరాల కోసం ఇంకో సర్వర్‌ని అడిగే కాల్ కూడా పెట్టాను, ఖాళీ సమయం బోలెడంత దొరికింది.

"మరి ఒకటి రాస్తుంటే ఇంకోటి ఆగేలా లాక్ వేయలేదా?" అంటారు. వేశాను. ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే సిస్టమ్ కాల్‌తో బైట్ రేంజ్ లాక్, అంటే ఫైల్లో కొన్ని బైట్ల మీద మాత్రమే పడే లాక్. లాక్ ఎన్నో బైటు మీద అని చెప్పాల్సిన చోట కూపన్ నంబరు పెట్టాను, 48,210కి 48,210. ఫైలు చివర దాటిన చోట కూడా ఆ లాక్ పడుతుంది, కాబట్టి ఎర్రర్ కూడా రాదు. రెండు కూపన్లకి రెండు లాకులు, రెండింటి అడుగున బైటు ఒకటే! రెండు పోర్షన్లకి రెండు తాళాలు వేసి, కామన్ వాకిలి బార్లా తెరిచి పెట్టినట్టు. 48,215, 48,216 లాంటి జంటలు కూడా ఒకే సెకనులో వచ్చాయి, వాటికి ఏమీ కాలేదు, ఎందుకంటే వాటి మధ్యలో బైటు మారుతుంది. అది చూశాకే నాకు పూర్తి నమ్మకం కుదిరింది. ఒక్క లైను మార్చాను. నంబరుకి బదులు నంబరును 8తో భాగించిన భాగఫలం.

లోడ్ టెస్టులో ఎందుకు దొరకలేదంటే, మేము ర్యాండమ్ నంబర్లు కొట్టాం. కోటిలో రెండు ర్యాండమ్ నంబర్లు ఒకే బైట్లో పడే అవకాశం కోటికి ఏడు. మనుషులేమో జంటలుగా వస్తారు.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లో ఏ ఇంటర్వ్యూకి పోయినా ఐదో బిట్టు సెట్ చేయి, ఎన్ని ఒకట్లు ఉన్నాయో లెక్కపెట్టు, ఇవే ప్రశ్నలు. అమీర్‌పేటలో వాటి జవాబుల జిరాక్స్ కట్టలు దొరుకుతాయి. అదే బైట్లోకి ఇంకెవరు రాస్తున్నారని ఒక్కడూ అడగడు. డిస్క్‌కి బిట్టు అంటే తెలీదు, అసలు బైటు కూడా తెలీదు. దానికి తెలిసింది 512 లేదా 4096 బైట్ల సెక్టారు. ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ మెమరీని పేజీలుగా పట్టుకుంటుంది, ఒక పేజీ మామూలుగా 4 కేబీ, అంటే 32,768 బిట్లు ఒకే మూటగా తిరుగుతాయి. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 కూడా అంతే, ఒక 4 కేబీ బిట్‌మ్యాప్ (బిట్ల పట్టిక) ఒక్కోటి 4 కేబీ ఉండే 32,768 బ్లాకుల లెక్క చూస్తుంది, అంటే 128 ఎంబీ డిస్క్. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసు కాబట్టే వాళ్లు జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) పెట్టుకున్నారు. మనం మాత్రం రైట్ కాల్ తిరిగొచ్చింది కదా అని ఇంటికి పోతాం. ఎఫ్‌సింక్ (డిస్క్ మీదకి చేర్చేదాకా ఆగే కాల్) చేయకపోతే రాసింది ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, కరెంటు పోతే దాంతోపాటే పోతుంది.

ఫైలును నేరుగా మెమరీలా చూపించే ఎంమ్యాప్ వాడమని ఎవరో ఒకరు చెబుతారు, చూడండి. వాడొచ్చు, కానీ చదవడం, మార్చడం, రాయడం ఒకే దెబ్బలో చేసే అటామిక్ ఓఆర్ వాడకపోతే అక్కడా ఇదే జబ్బు. ఫైలు సైజు మార్చే ఎఫ్‌ట్రంకేట్‌తో ఖాళీ ఫైలు సాగదీసి ఎంమ్యాప్ చేస్తే, డిస్క్ నిండిన రోజు రైట్ ఎర్రర్ రాదు, సిగ్‌బస్ అనే సిగ్నల్ వచ్చి ప్రాసెస్ చస్తుంది.

ఇక రోరింగ్ బిట్‌మ్యాప్ లైబ్రరీ. మంచిదే, కాదనను. నంబర్లను 65,536 చొప్పున ముక్కలు చేసి, ఒక ముక్కలో 4096 వరకు ఉంటే చిన్న జాబితాగా, దాటితే 8 కేబీ బిట్‌మ్యాప్‌గా దాస్తుంది. ఒక్కో నంబరుకి 2 బైట్లు కాబట్టి 4096 దగ్గర రెండూ సరిసమానం, అందుకే ఆ హద్దు. వందల సెట్లు ఉండి, వాటి మధ్య కలపడాలు, తీసివేతలు చేస్తుంటే అదే వాడండి. కానీ అది కుదించి దాచే పద్ధతి, ఫైలు మధ్యలో ఒక్క బైటు మార్చి వచ్చేద్దామంటే కుదరదు. ఒక్క సెట్టు, కోటి నంబర్లు, గంటగంటకీ మార్పులు అయితే నేను మామూలు ఫైలే పెడతాను.

మీ ఫైల్లోకి ఎన్ని ప్రాసెస్‌లు రాస్తాయో మాత్రం ప్రశ్నలో చెప్పలేదు. అది కింద కామెంట్లో పెట్టండి.