కిలోపావు బిడ్డను నిలబెట్టినవాళ్ళు

డాక్టర్లకూ నర్సులకూ రోగుల మీద నిజంగా మమకారం ఉంటుందా, ఎవరైనా స్వయంగా చూశారా అని అడిగారు. నేను చూశాను. మా పాప 31వ వారంలో, ఏడో నెల నిండీ నిండకుండా, 1,250 గ్రాముల బరువుతో పుట్టింది. మా జిల్లా ప్రభుత్వాసుపత్రిలో నెలలు నిండని పిల్లలను, జబ్బుపడ్డ పసికందులను ఉంచే వార్డు ఒకటి ఉంది. అక్కడ అందరూ దాన్ని ఎస్‌ఎన్‌సీయూ అంటారు. వారాల తరబడి ఆ వార్డు గుమ్మం దగ్గరే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

కథ ఆసుపత్రిలో కాదు, మా వీధిలో మొదలైంది. మా ఆవిడకు కాళ్ళు వాచాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు వాపులు మామూలేనని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. బరువు చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త మాత్రం కాళ్ళ వంక చూసి ఊరుకోలేదు. "తలనొప్పిగా ఉంటోందా అక్కా? కళ్ళు మసకబారుతున్నాయా?" అని అడిగింది. రెండూ ఉన్నాయనేసరికి చేతిలో ఉన్న పని వదిలేసి మమ్మల్ని పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. అక్కడ బీపీ చాలా ఎక్కువగా ఉంది, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోంది. డాక్టరమ్మ ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు చేయించి, 108కి ఫోన్ చేయించారు. ఆ హడావిడిలోనే నర్సు ఇంకో ఇంజెక్షన్ కూడా చేసింది. దాని పేరు డెక్సామెథసోన్.

ఆ మందు గురించి అందరికీ తెలిస్తే బాగుంటుంది. 34 వారాల లోపే కాన్పు వచ్చేలా ఉంటే, కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా తయారుకావడానికి తల్లికి 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తారు. ఖరీదైన మందేం కాదు. కానీ ఎవరో ఒకరికి ఆ సమయంలో గుర్తుండాలి. ఆ నర్సుకు గుర్తుంది. రిఫరల్ చీటీ మీద ఇచ్చిన టైము పెద్ద అక్షరాలతో రాసి, "అక్కడికి వెళ్ళగానే ముందు ఇది చూపించండి. రెండోది ఎప్పుడు పడాలో ఓసారి నాకు చెప్పండి" అని నా నోటితో చెప్పించుకుంది. ఆశా అమ్మాయి 108 ఎక్కి మాతోపాటే వచ్చింది. ఆ రాత్రి నాకు ఫోన్ వచ్చింది. పీహెచ్‌సీలో చూసిన అదే నర్సు. డ్యూటీ అయిపోయి ఇంట్లో ఉందట. "రెండో డోసు పడిందాండీ?" అని అడిగి, పడిందన్నాక పెట్టేసింది. నాలుగు డోసులూ పూర్తయ్యేదాకా మా ఆవిడ బీపీని ఎలాగో పట్టి ఉంచి, ఇక లాభం లేదనుకున్నాక ఆపరేషన్ చేశారు.

పాప పుట్టగానే ఏడవలేదు, మూలిగింది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి మూలుగు. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెట్టి ముక్కుకు చిన్న గొట్టాలు పెట్టారు. అవతలి గొట్టం నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది, అన్నం కుతకుతలాడినట్టు అందులో బుడగలు వస్తూనే ఉంటాయి. దాన్ని సీపాప్ అంటారు. పిల్లల డాక్టరు మేడమ్ నన్ను పక్కకు పిలిచి, నిలబెట్టి కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. "ఊపిరి తనే తీసుకుంటోంది. వదిలినప్పుడు ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఈ గాలి ఆపుతుంది. మొదటి మూడు రోజులు క్షేమంగా గడవాలి. ఇప్పుడే నేను మాట ఇవ్వలేను. కానీ ఏం జరిగినా మీ దగ్గర దాచను." ఏం కాదు, నేనున్నాను అని ఆవిడ అని ఉంటే ఆ క్షణానికి హాయిగా ఉండేదేమో. దాచను అన్న మాటే నాకు ఎక్కువ ఆసరా అయింది. రోజూ రౌండ్స్ అయ్యాక బయటికి వచ్చి, మంచైనా చెడైనా చెప్పకుండా వెళ్ళలేదు.

లోపలికి వెళ్ళనిచ్చేటప్పుడు ఉంగరం, వాచీ తీయించి, మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, గౌను తొడిగించేవాళ్ళు. ఒకసారి మానిటర్‌లో పాప రక్తంలోని ఆక్సిజన్ అంకె 98 చూపిస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. సిస్టర్ వచ్చి చూసి ఆక్సిజన్ తగ్గించింది. నా గుండె ఆగినంత పనైంది. బాగుంది కదా సిస్టర్, ఎందుకు తగ్గించారు అన్నాను. ఆవిడ విసుక్కోలేదు. బయటి నుంచి ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు ఇంత చిన్న పిల్లలకు ఆ అంకె 90కీ 95కీ మధ్య ఉండాలట. తగ్గితే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిని చూపు పోవచ్చు. తర్వాత చదివి తెలుసుకున్నాను: 1940లు, 50లలో ఆక్సిజన్ ఎంత ఇస్తే అంత మంచిదనుకున్న కాలంలో అమెరికా, యూరప్ దేశాల్లో వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. ఆ సిస్టర్ షిఫ్టు మొత్తం ఆ అంకెను కిందికీ పైకీ జరుపుతూనే ఉండేది. అలారం మోగితే అందరికీ తెలుస్తుంది. మోగకుండా, మెల్లగా 97, 98 దగ్గర నిలిచిపోతే ఎవరికీ తెలియదు, తల్లిదండ్రులు సంతోషిస్తారు కూడా. మా పాప చూపు అలా ఎవరూ గమనించని చోట ఆవిడ చేతుల్లో ఉంది.

రాత్రులు వేరుగా ఉండేవి. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. మెదడులో ఆ భాగం ఇంకా ఎదగకపోవడమే కారణం. కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా ఇస్తారు, అయినా అప్పుడప్పుడు ఆగిపోతుంది. పాప పెదాలు నల్లబడేవి. సిస్టర్ రెండంగల్లో వచ్చి అరికాలి మీద వేలితో తట్టేది. మళ్ళీ ఛాతీ కదిలేది. చార్టులో టైము వేసి పక్క వార్మర్ దగ్గరికి వెళ్ళేది. కాసేపటికి ఇంకో మూల నుంచి అలారం. లెక్క ప్రకారం అలాంటి వార్డులో ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సు ఉండాలి. నేను చూసిన రాత్రుల్లో చాలాసార్లు ఒక్కరి మీదే అంతకు రెట్టింపు పడేది. వాళ్ళలో కొందరు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు. ఇది వాళ్ళ గొప్పతనంగా చెప్పుకుని మనం తృప్తిపడాల్సిన విషయం కాదు. ఇంకొంతమందిని వేయాలి, అంతే.

మా ఆవిడ వేరే అంతస్తులో, మంచం దిగలేని స్థితిలో ఉంది. బిడ్డను చూడలేదు. తనకు పాలు రావడం లేదని, తన వల్లే ఇలా అయిందని ఏడుస్తూ ఉండేది. ఒక సిస్టర్ తన భోజనం టైములో ఉడకబెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, పాలు ఎలా పిండాలో నెమ్మదిగా చేయి పట్టి చూపించింది. నాలుగైదు చుక్కల ముర్రుపాలు వచ్చాయి. ఇవేం సరిపోతాయి అంది మా అత్తగారు. "పిన్నిగారూ, దాని పొట్ట ఉన్నదే ఇంత. దానికి ఇదే మొదటి టీకా" అని ఆ చుక్కలు పట్టుకెళ్ళి పాప బుగ్గల లోపల రాసింది. తర్వాత మా ఆవిడ ఫోన్‌కి పాప ఫొటో పంపించి, "మీ పాలు చప్పరించింది" అని రాసింది. ఆ రోజు తర్వాత మా ఆవిడ ఏడవడం మానేసిందని చెప్పలేను గానీ, రెండేసి గంటలకు లేచి పాలు పిండటం మొదలుపెట్టింది. ముందు నోటి గొట్టంతో ఒకటి రెండు మిల్లీలీటర్లు, తర్వాత ఉగ్గుగిన్నెతో, చివరికి రొమ్ము పట్టించడం. ప్రతి మెట్టు దగ్గరా ఆ సిస్టర్లే పక్కన ఉన్నారు.

నన్ను కూడా ఊరికే కూర్చోనివ్వలేదు. "తల్లి లేవలేకపోతే తండ్రి లేడా? స్నానం చేసి, ముందు గుండీలు ఉన్న చొక్కా వేసుకుని రండి" అన్నారు. కంగారూ పద్ధతి. వొంటి మీద టోపీ, మేజోళ్ళు, డైపర్ తప్ప ఏమీ లేని పాపను నా ఛాతీకి నిలువుగా ఆనించి, బట్టతో కట్టి, తల ఒక పక్కకు తిప్పారు. "మెడ వంగనివ్వకండి, ఊపిరి అందదు" అని పదే పదే వచ్చి చూసేవాళ్ళు. ఈ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో పుట్టింది. ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే పిల్లల డాక్టరు తల్లుల వొంటి వేడినే వాడదామన్నారు. భారత్‌లోనూ, నాలుగు ఆఫ్రికా దేశాల్లోనూ జరిపి 2021లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, కిలో నుంచి 1,800 గ్రాముల లోపు పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అలాగే మారింది. ఇదంతా నాకు చెప్పింది నైట్ డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు కుర్రాడు. అర్ధరాత్రి దాటాక, తను నిద్రపోయి ఎంతసేపైందో తెలియని కళ్ళతో, నా పక్కన నిలబడి చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఇప్పుడు అర్థమవుతోంది. నేను అక్కడ దిక్కులేక కూర్చోలేదని, నా వొంటి వేడి కూడా మందేనని నాకు తెలియాలని.

ఒకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. మా పక్క వార్మర్ మీది బాబు బతకలేదు. మా పాపకంటే చిన్నవాడు, ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆ తల్లిదండ్రులు వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నారు. మేడమ్ వచ్చి, వాళ్ళను లేవమనకుండా తనే నేల మీద కూర్చున్నారు. బాబు చనిపోయాడని తిన్నగా ఆ మాటతోనే చెప్పారు. తర్వాత వాళ్ళు ఏడ్చినంతసేపూ మాట్లాడలేదు, లేచి వెళ్ళలేదు. లోపల సిస్టర్ గొట్టాలన్నీ తీసి, గోరువెచ్చటి నీళ్ళతో వొళ్ళు తుడిచి, బారసాలకని వాళ్ళు కొనుక్కొచ్చిన పసుపు చొక్కా తొడిగి, తల్లి ఒళ్ళో పెట్టింది. "ఎంతసేపైనా ఎత్తుకో అమ్మా, ఎవరూ తొందరపెట్టరు" అంది. కాసేపటికి ఆ సిస్టర్ చేతులు కడుక్కుని మా పాపకు పాలు పట్టడానికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సిరంజి పట్టుకున్న చెయ్యి మాత్రం వణకలేదు.

ఇంకో రాత్రి ఒక పిల్లాడి బంధువు, బిడ్డను చూడనివ్వడం లేదని సిస్టర్ మీద చెయ్యెత్తాడు. పీజీ కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. ఆ రాత్రంతా సిస్టర్ తలుపు వైపు చూస్తూనే పనిచేసింది. ఆడపిల్ల, వార్డులో ఒంటరి. తెల్లారాక ఆ సిస్టరే అదే మనిషి కూతురికి, అంటే ఆ పిల్లాడి తల్లికి, పాలు పిండటం నేర్పుతూ కనిపించింది. ఆ మనిషి గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. మన కోపాలన్నీ భయం వల్లే వస్తాయని నాకూ తెలుసు. కానీ ఆ భయాన్ని ఆ అమ్మాయి మీద చూపించే హక్కు మనకు లేదు.

పుట్టిన నాలుగు వారాలకు పాపకు కంటి పరీక్ష చేశారు. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపలి రెటీనా చూస్తారు. సిస్టర్ గుడ్డలో చుట్టి పట్టుకుని, నాలుక మీద రెండు చుక్కల తల్లిపాలు వేసింది, నొప్పి తెలియకుండా ఉండటానికి. రక్తనాళాలు ఇంకా పూర్తిగా ఎదగలేదు, రెండు వారాలకు మళ్ళీ తీసుకురండి అన్నారు. కొన్నిసార్లు తిరిగాక, ఇక భయం లేదన్నారు. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చాక మొదట్లో మమ్మల్ని పట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్ళిన ఆశా అమ్మాయే త్రాసు, థర్మామీటరు పట్టుకుని వచ్చేది. పాప పాదాలు ముట్టుకుని చల్లగా ఉన్నాయేమో చూసేది. వైద్యులు, నర్సులు అని మీరు రాశారు గానీ, ఆ వరుసలో ఆ అమ్మాయిని కూడా చేర్చండి.

ఈ జవాబు చదివేవాళ్ళలో ఎవరి బిడ్డైనా ఇప్పుడు అలాంటి వార్డులో ఉంటే నాలుగు మాటలు. కంగారూ పద్ధతి ఎప్పుడు మొదలుపెట్టవచ్చో సిస్టర్‌ని అడగండి. మీరు అడిగితే వాళ్ళు సంతోషిస్తారు, తండ్రులైనా సరే. పాలు రెండు చుక్కలే వచ్చినా పారబోయకుండా లోపలికి పంపండి. చేతులు కడుక్కోమని వాళ్ళు పదోసారి చెప్పినా కడుక్కోండి. బిడ్డ 2 కిలోల లోపు పుట్టినా, 34 వారాల లోపు పుట్టినా కంటి పరీక్ష తప్పనిసరి. డిశ్చార్జి చీటీ మీద దాని తేదీ ఉందో లేదో చూసుకుని, లేకపోతే అక్కడే రాయించుకుని మరీ ఇంటికి బయల్దేరండి.