పిల్లల ప్రత్యేక విద్య ఫైలును తల్లిదండ్రులకు చూపించనని బడి అనవచ్చా?

అమెరికాలో ప్రభుత్వ బడిలో చదివే మీ అబ్బాయి ఫైలు అడిగితే, అది బడి సొంత వ్యవహారమన్నారని రాశారు. అది సరికాదు. విద్యార్థుల రికార్డులకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం, వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడీఈఏ చట్టం, రెండూ ఆ ఫైలు చూసే హక్కును మీకు ఇస్తున్నాయి.

గడువు విషయం బాగా గుర్తుంచుకోండి. అడిగిన తర్వాత అనవసరంగా జాప్యం చేయకూడదు. ఎంత ఆలస్యమైనా 45 రోజులు దాటకూడదు. అంతకంటే ముఖ్యం, ఐఈపీ (మీ అబ్బాయి కోసం తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) సమావేశం గానీ విచారణ గానీ ఉంటే దానికి ముందే చూపించాలి. ఫైలు చూడకుండా సమావేశంలో కూర్చుంటే, ఎదుటివారికి తెలిసినవి మీకు తెలియవు. అందుకే తేదీ వేసి, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు ఆధారం మిగలదు.

అర్థంకాని మదింపు నివేదికను వివరించమని కోరవచ్చు. మీ తరఫున మరొకరిని పంపి చూపించుకోవచ్చు. ఐఈపీ ప్రతి, మదింపు నివేదిక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. మిగతా నకళ్లకు రుసుము అడగవచ్చు కానీ, కాగితాలు వెతికినందుకు మాత్రం తీసుకోకూడదు. ఉపాధ్యాయులు తమ జ్ఞాపకం కోసమే రాసుకుని, ఎవరికీ చూపించని సొంత నోట్సు ఈ హక్కు కిందికి రావు.

తప్పు కనిపిస్తే దిద్దమని అడగండి. ఒప్పుకోకపోతే విచారణ కోరవచ్చు. అక్కడా మీకు వ్యతిరేకంగా తేలితే, మీ అభ్యంతరాన్ని రాసిచ్చి ఫైలులో చేర్పించవచ్చు. విడాకులు తీసుకున్నా, కోర్టు ఉత్తర్వు అడ్డు లేనంతవరకు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఈ హక్కు ఉంటుంది.