సింక్రోట్రాన్ లేని దేశాల శాస్త్రవేత్తలు దాన్ని వాడటం ఎలా నేర్చుకుంటారు?

సింక్రోట్రాన్ అంటే ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తిప్పి, వాటి నుంచి చాలా తీక్షణమైన ఎక్స్-కిరణాలు రాబట్టే యంత్రం. ప్రొటీన్ల నిర్మాణం నుంచి నేలలో కలిసిన విషలోహాల దాకా దీంతో పరిశీలించవచ్చు. ఆఫ్రికా ఖండంలో ఇది ఒక్కటి కూడా లేదు, కాబట్టి అక్కడివాళ్లు బయటి కేంద్రాలకు వెళ్లి నేర్చుకోవాల్సిందే.

అసలు కష్టం యంత్రం దగ్గర కాదు, దానికి ముందూ తర్వాతా ఉంటుంది. బీమ్‌టైమ్, అంటే యంత్రాన్ని వాడుకునే సమయం, పోటీ మీద దొరుకుతుంది. ప్రతిపాదన సరిగ్గా రాయకపోతే మంచి ఆలోచన కూడా తిరిగొచ్చేస్తుంది. దొరికినా కొద్ది రోజులే. నమూనా సరిగ్గా తయారుచేసుకోకపోతే అవీ వృథా! డేటా విశ్లేషణకైతే ఒక్కోసారి నెలలు పడుతుంది. శిక్షణలో ఎక్కువ సమయం వీటికే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

లామ్ప్ అనే అంతర్జాతీయ కార్యక్రమం అధ్యాపకుడిని, విద్యార్థిని జట్టుగా పంపుతుంది. నాకు ఇది చాలా నచ్చిన పద్ధతి. విద్యార్థి ఒక్కరే వెళ్తే విదేశంలోనే స్థిరపడిపోవచ్చు, అధ్యాపకుడు తిరిగొచ్చి మరికొందరికి నేర్పుతారు.

పశ్చిమాసియాలో మాత్రం దేశాలు కలిసి జోర్డాన్‌లో సెసమీ అనే సొంత సింక్రోట్రాన్ కట్టుకున్నాయి. 2017లో ప్రారంభమైన దానిలో, జర్మనీలో ఆపేసిన బెస్సీ-1 యంత్రం భాగాలు కూడా వాడారు.