డ్రైవర్ లేని ట్యాక్సీ చౌకా? టిప్పు కలిపి లెక్కేయండి

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాం, కారు లేదు. నెలకు 20 సార్లు ఊబర్ ఎక్కుతాను. డ్రైవర్ జీతం ఉండదు కాబట్టి డ్రైవర్ లేని ట్యాక్సీ వేమోకి మారితే డబ్బు మిగులుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ ఊళ్లో మిగలడం కష్టం. 2025 మార్చి-ఏప్రిల్‌లో ఓబీ అనే ధరల పోలిక సంస్థ అక్కడి దాదాపు 90 వేల రైడ్ల ధరలు చూసింది. సగటున వేమో 20.43 డాలర్లు, ఊబర్ 15.58, ఊబర్ లాంటిదే అయిన లిఫ్ట్ 14.44. ఆ తర్వాత ధరలు అటూ ఇటూ కదిలాయి గానీ లెక్క వేసే తీరు ఇదే.

జీతం మిగిలింది నిజమే. కానీ సెన్సర్లతో నిండిన ఖరీదైన కారు, చార్జింగ్ డిపో, శుభ్రం చేసేవాళ్లు, దూరం నుంచి సాయపడే సిబ్బంది, ఈ ఖర్చంతా కంపెనీదే. పైగా ధర నిర్ణయించేది ఖర్చు కాదు, గిరాకీ. రద్దీలో ఊబర్ రేటు పెంచితే ఇంట్లో ఉన్న డ్రైవర్లు కూడా రోడ్డెక్కుతారు. వేమో దగ్గర ఉన్న కార్లు ఉన్నన్నే. అందుకే సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక మీ ఉత్తరంలో లేని అంకె టిప్పు. రైడ్ అయ్యాక ఇస్తాం కాబట్టి ధరలు పోల్చేటప్పుడు అది కనబడదు. పై సగటులే తీసుకుంటే, టిప్పు ఇవ్వనివారికి వేమో నెలకు 97 డాలర్లు ఎక్కువ. 20 శాతం ఇచ్చేవారికి ఊబర్ 18.70 అవుతుంది, తేడా నెలకు 35 డాలర్లలోపే. (టిప్పు మానేసి మిగుల్చుకోమని మాత్రం చెప్పను.) ఆస్టిన్, అట్లాంటాల్లో లెక్క తిరగబడుతుంది: అక్కడ వేమో ఊబర్ యాప్‌లోనే, ఊబర్‌ఎక్స్ (మామూలు ఊబర్ కారు) ధరకే వస్తుంది, టిప్పు లేదు.

సగటు మీ దారి కాదు. రెండు వారాలు, బయల్దేరే ముందు మూడు యాప్‌లూ ఒకే నిమిషంలో తెరిచి, ఎక్కేచోటు, దిగేచోటు ఒకటే పెట్టి ధరలు రాసుకోండి. ఊబర్, లిఫ్ట్‌లకు మీ అలవాటు టిప్పు కలపండి. ఎదురుచూసే నిమిషాలు, నడక కూడా రాయండి: వేమో కొన్నిసార్లు గుమ్మం దగ్గర కాక సందు చివర ఆగుతుంది. మధ్యాహ్నం చూసిన ధరతో సాయంత్రం ధరను పోల్చితే లెక్కంతా వృథా.

ఊబర్ వన్ చందా నెలకు 9.99 డాలర్లు. రైడ్లపై 6 శాతం వెనక్కొస్తుంది, అదీ నగదు కాదు, ఊబర్‌లోనే వాడుకునే క్రెడిట్. నెలకు 167 డాలర్లు దాటితేనే చందా గిట్టుబాటు. మీ 20 రైడ్లు సుమారు 312 డాలర్లు, కాబట్టి మీకు పనికొస్తుంది.

అసలు పొదుపు ఇంకోచోట ఉంది. మీరొక్కరే ఎక్కే ట్యాక్సీకి, డ్రైవర్ ఉన్నా లేకపోయినా, కమ్యూటర్ బెనిఫిట్ (ఆఫీసు ప్రయాణ ఖర్చుకు కంపెనీ ద్వారా దొరికే పన్ను మినహాయింపు) వర్తించదు. మీ ఊరి రైలు బార్ట్‌కు, బస్సులూ ట్రామ్‌లూ నడిపే మ్యూనీకి వర్తిస్తుంది. 2026లో నెలకు 340 డాలర్ల దాకా పన్ను కోతకు ముందే జీతంలోంచి తీసిపెట్టొచ్చు. వారానికి రెండు ఆఫీసు ట్రిప్పులు అటు మళ్లించినా వేమో-ఊబర్ తేడా కంటే ఎక్కువే మిగులుతుంది. దీనికి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ఒకసారి కంపెనీ బెనిఫిట్లు ఎంచుకునే గడువు) దాకా ఆగక్కర్లేదు, చాలా కంపెనీల్లో ఏ నెలకానెల మార్చుకోవచ్చు. హెచ్ఆర్‌ను ఈ వారమే అడగండి.