శిబిరం నడపబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ధ్యాన శిబిరం నడపమని నిన్ను అడిగారనీ, ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదనీ రాశావు. ఒప్పుకో. అయితే దానికి ముందు ఏడాదిలోపు నువ్వు కూడా ఏదో ఒక సుదీర్ఘ శిబిరంలో మామూలు సాధకురాలిగా కూర్చుని ఉండాలి. నడపడం మొదలుపెట్టాక కూర్చోవడం మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్నాళ్లకు వాళ్ల మాటలు పాఠం అప్పజెప్పినట్టే వినిపిస్తాయి.

ఇంట్లో రోజూ చేసే అరగంట సాధనను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ అరగంటలో పుట్టిన చికాకును లేచి మరో పనిలో పడి తప్పించుకోవచ్చు. శిబిరంలో ఆ వీలుండదు. ఒంట్లో కలిగే సంవేదనలను గమనించే విపశ్యన ధ్యానాన్ని వ్యాప్తి చేసిన గోయెంకా గారి సంప్రదాయంలోని పది రోజుల శిబిరాన్నే తీసుకో. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రోజుకు సుమారు పది గంటలు ధ్యానానికే పోతాయి, మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించే ఆనాపానమే తప్ప విపశ్యన జోలికి వెళ్లనివ్వరు. కొత్తవారికి ఆ మూడు రోజులూ వృథాగా తోస్తాయి. మోకాళ్ల నొప్పి, మధ్యాహ్నపు కునుకు, ఎందుకొచ్చాన్రా అనే సణుగుడు, ఇవన్నీ బయటపడేది అప్పుడే. ధ్యానానికి అడ్డుపడే పంచ నీవరణాలని బౌద్ధులు చెప్పే కోరిక, ద్వేషం, మాంద్యం, అలజడి, సందేహం పుస్తకంలో చదివినవారికి అక్కడ ఒక్క పూటలోనే వరసగా ఎదురవుతాయి. పైగా మౌనంలో సైగలకూ చీటీలకూ కూడా చోటుండదు కనుక, కలిగిన ప్రతి అనుభవాన్నీ ఎవరికో ఒకరికి చెప్పుకోవడానికి కథగా అల్లుకునే అలవాటు మనకెంత ఉందో తెలిసివస్తుంది. శిబిరాలకు వెళ్లడంలో అసలు లాభం అదేనని నా నమ్మకం. విశ్రాంతి కోసమే అయితే ఇంట్లో పడుకోవడం మేలు.

ఇక నడిపే సంగతి. మొదటిసారే పది రోజుల భారం నెత్తిన వేసుకోకుండా, ఒక్కరోజు మౌన శిబిరంతో ఆరంభించు. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల ఒత్తిడి నివారణ శిక్షణలో కూడా, సాధారణంగా ఆరో వారం దాటాక, ఇలాంటి మౌన దినం ఒకటి ఉంటుంది. కూర్చోవడం, నడక, పడుకుని శరీరాన్ని భాగం తరవాత భాగంగా గమనించడం మార్చి మార్చి పెట్టు. నడకకు పది పదిహేను అడుగుల జాగా చాలు: మడమ లేవడం, కాలు ముందుకు సాగడం, పాదం నేలకు ఆనడం, చివర కాసేపు నిలబడి వెనక్కి తిరగడం. ఇంతమాత్రం చెప్పి ఊరుకో. కళ్లు తెరిచి ఉంచవచ్చనీ, కుర్చీలో కూర్చోవచ్చనీ, భరించలేనప్పుడు కదలవచ్చనీ మొదటే చెప్పడం మాత్రం మరిచిపోవద్దు.

నిన్ను ఎక్కువగా పరీక్షించేది సాధకులతో విడివిడిగా మాట్లాడే పది నిమిషాలు. ఒకరు వచ్చి, "నాకేమీ జరగడం లేదు, అందరూ ఎక్కడికో వెళ్లిపోతున్నారు" అంటారు. ధైర్యం చెప్పాలనిపిస్తుంది, మన అనుభవం వినిపించాలనిపిస్తుంది. రెండూ వద్దు. ఆ నిరుత్సాహం ఇప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు. గొంతులో ఏదో పట్టేసినట్టుందని వాళ్లే చెప్పాక, తరవాత ధ్యానానికి కూర్చున్నప్పుడు దాన్నే గమనించమని పంపించు. ఎదుటివారి అశాంతిని వెంటనే సరిచేయాలన్న మన తొందరను పట్టుకునే అవకాశం, ఒంటరిగా ఎన్నాళ్లు కూర్చున్నా ఇంత స్పష్టంగా దొరకదు. నడపమని నేను నిన్ను ప్రోత్సహించడానికి కారణం ఇదొక్కటే.

మరొకరు వచ్చి చెప్పేది నిరుత్సాహం కాకపోవచ్చు. 2017లో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో పరిశోధకులు జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో సాధకులూ ఆచార్యులూ తీవ్రమైన భయం, నిద్ర పట్టకపోవడం, తమకు తామే పరాయిగా అనిపించడం వంటి అనుభవాలను వివరించారు. అలాంటివి వింటే మరింత గట్టిగా కూర్చోమని అనకూడదు. సాధన ఆపించి, కళ్లు తెరిపించి, నాలుగడుగులు నడిపించి, అవసరమైతే వైద్యుల దగ్గరకు పంపాలి. అందుకే దరఖాస్తులోనే మానసిక చికిత్స, మందులు, ఇటీవలి ఆప్తుల మరణం గురించి అడుగు. వాడుతున్న మందులు ఆపమని ఎవరికీ చెప్పే హక్కు నీకు లేదు. పక్కన మరో అనుభవజ్ఞురాలు లేనిదే శిబిరం పెట్టవద్దు. నువ్వు ఒకరితో లోపల మాట్లాడుతుంటే హాలును చూసుకునేవారు ఉండాలి.

మౌనం విప్పాక కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు, ఘనతంతా నీకే కట్టబెడతారు. నవ్వి ఊరుకో, రెండో రోజుకు వాళ్లే మరిచిపోతారు, నువ్వు మరిచిపోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. పది రోజుల శిబిరంలో పదో రోజు ఉదయమే మౌనం సడలించి, మర్నాటి పొద్దున గానీ ఇళ్లకు పంపరు. నీ ఒక్కరోజు శిబిరంలోనూ చివరి గంటను మాటలకు వదిలిపెట్టు.

తేదీ ఖాయమయ్యాక దరఖాస్తు ప్రశ్నలు నాకు పంపు, చూసి రాస్తాను.

ఇట్లు,
పెదనాన్న